భేదం వేరు, విరోధం వేరు

పనిచేసే చోట అభిప్రాయభేదాలు సహజం. అయితే వాటిని గడప దాటించి ఇంటిలోనికి తెచ్చుకోవడమే మనం చేసే పొరపాటు. పదోన్నతి విషయమై ఇద్దరికి మాట పట్టింపు వస్తుంది. మర్నాటి నుంచి కాలనీలో వారి ఇల్లాళ్లు పలకరించుకోరు. పిల్లలు కలిసి ఆడుకోరు.

1918లో అహ్మదాబాదు మిల్లులలో వేతన వివాదం చెలరేగింది. యజమానుల పక్షాన ముఖ్యుడు అంబాలాల్ సారాభాయ్. కార్మికుల పక్షాన నిలిచినది స్వయాన ఆయన అక్కగారు అనసూయాబెన్. 35 శాతం పెంపు కావాలని కార్మికులు, 20 శాతానికి మించి ఇవ్వలేమని యజమానులు పట్టుబట్టారు. ఆ రోజుల్లోనే గాంధీజీ అంబాలాల్‌ను ఆశ్రమానికి భోజనానికి పిలిచేవారనీ, అక్కగారి చేతనే వడ్డన చేయించేవారనీ చెబుతారు. మార్చిలో గాంధీజీ ఉపవాసంతో ఇరుపక్షాలూ మధ్యవర్తిత్వానికి అంగీకరించాయి. చివరకు 35 శాతమే ఖరారయింది.

అక్క కార్మికులను విడిచిపెట్టలేదు. తమ్ముడు యజమానుల పక్షాన్ని వీడలేదు. అయినా బంధుత్వం తెగలేదు.

ఇది సులభసాధ్యమని మేము అనము. ఒక బదిలీ ఉత్తర్వు గురించిన వాదనలో నోరు జారి, ఒక సహోద్యోగితో ఏడాదిపాటు మాటలు మానుకున్న వారమే మేమూ. ఆయన పదవీ విరమణ సభలో పూలదండ వేశాము గాని, చెప్పవలసిన క్షమాపణ గొంతు దాటి రాలేదు. మర్నాడు ఆయన క్వార్టరు ఖాళీ చేసి స్వగ్రామం వెళ్లిపోయారు.

వాదన ఫైలులోనే ఉండనిద్దాం. రేపు గేటు దగ్గర ఎదురుపడినప్పుడు ముందుగా మనమే పలకరిద్దాం.