ఆకాశం మీద మనకూ హక్కుంది

ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగురుతుందా అని మన పెద్దలు ఒక సామెత చెబుతారు. దేశం రాకెట్టు పంపినప్పుడల్లా ఎవరో ఒకరు ఈ సామెతను బయటికి తీస్తారు. హాస్టల్ విద్యార్థి అంతరిక్షం గురించి మాట్లాడినా ఇదే సామెత అతని మీద పడుతుంది. "ముందు పదో తరగతి గట్టెక్కు, చంద్రుడి సంగతి తర్వాత చూద్దువుగాని" అంటారు. సైన్స్ ఫిక్షన్ కథలంటే ప్రాణం పెట్టే మేము ఈ వార్షికోత్సవ సంచికలో ఆ మాటకు జవాబు చెప్పదలచుకున్నాం.

ముందుగా కథల సంగతి. సైన్స్ ఫిక్షన్ అంటే చాలామందికి కాలక్షేపం. 1991లో వచ్చిన 'ఆదిత్య 369' సినిమాలో టైమ్ మెషీన్ ఎక్కి శ్రీకృష్ణదేవరాయల కాలానికి వెళ్లిరావడం లాంటిదన్నమాట. ఆ సినిమా టీవీలో ఎప్పుడు వచ్చినా మేము వదలం. కానీ కథల పని అక్కడితో అయిపోదు. 1865లో జూల్స్ వెర్న్ అనే ఫ్రెంచి రచయిత మనుషులను పెద్ద ఫిరంగితో చంద్రుడి వైపు పేల్చినట్లు ఒక నవల రాశాడు. వెర్న్ కథలు చదివిన రష్యా కుర్రవాడు సియోల్కోవ్‌స్కీ ఆలోచనలో పడ్డాడు. అతనికి పదేళ్ల వయసులో జబ్బు చేసి వినికిడి దెబ్బతింది. బడి చదువు సాగలేదు. మాస్కోలో ఒక గ్రంథాలయంలో కూర్చుని, రొట్టెతో కడుపు నింపుకుంటూ లెక్కలు, భౌతికశాస్త్రం సొంతంగా నేర్చుకున్నాడు. తర్వాత బడిపంతులయ్యాడు. ఫిరంగితో పేలిస్తే ఆ కుదుపుకు లోపలి మనిషి బతకడు, అంతరిక్షానికి రాకెట్టే దారి. దానికి కావలసిన లెక్కను ఆయన 1903లో ప్రచురించాడు. నేడు శ్రీహరికోట నుంచి లేచే ప్రతి రాకెట్టూ ఆ లెక్క ప్రకారమే లేస్తోంది. ఒక కథ, ఒక గ్రంథాలయం, ఒక పేద విద్యార్థి పట్టుదల కలిస్తే జరిగిన పని ఇది.

ఇంకొక రచయిత ఆర్థర్ సి. క్లార్క్. భూమధ్యరేఖకు పైన సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తులో ఉపగ్రహాన్ని ఉంచితే అది భూమితో సమానంగా తిరుగుతూ ఒకేచోట నిలిచినట్లుంటుందని, అలాంటివి మూడుంటే ప్రపంచమంతా ప్రసారాలు అందించవచ్చని 1945లో ఒక పత్రికలో రాశాడు. అప్పటికి మనిషి చేసిన ఉపగ్రహం ఒక్కటీ ఆకాశంలో లేదు. సరిగ్గా ముప్ఫై ఏళ్లకు, 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు, అలాంటి ఉపగ్రహం ద్వారానే మన దేశంలో ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు టీవీ పాఠాలు అందాయి. అందులో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఊహ అనేది ఉత్తదే అయితే మారుమూల పల్లెలకు ఆ పాఠాలు ఎలా చేరాయి?

ఇక డబ్బు సంగతి. చంద్రయాన్-3కు సుమారు 615 కోట్ల రూపాయలు ఖర్చయింది. పేదవాళ్లున్న దేశంలో ఇదెందుకు అని అడుగుతారు. ఈ ప్రశ్న అడిగే హక్కు అందరికంటే ముందు మనకే ఉంది. మెస్ చార్జీలు పెంచమనీ, గదులు బాగుచేయమనీ అర్జీలు పెట్టుకునేది మనమే కదా! అయినా మేము చంద్రయాన్‌ను తప్పుపట్టం. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు పదివేల మందికి పైగా చనిపోయారు. కొట్టుకుపోయినవి ఎక్కువగా ఎవరి గుడిసెలు? కూలివాళ్లవి, చేపలు పట్టేవాళ్లవి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని చిన్నాభిన్నం చేసింది. ఆస్తినష్టం అపారం. కానీ ప్రాణనష్టం దివిసీమతో పోల్చదగినది కాదు. తుపాను ఎక్కడుందో, ఎటు కదులుతోందో ఉపగ్రహాలు ముందుగానే చూపించాయి. అధికారులు జనాన్ని తరలించారు. ఆకాశంలోని యంత్రం నేలమీది పేదవాడికే ఎక్కువ అక్కరకు వచ్చింది. అందుకని ఒకటి ఆపి ఇంకొకటి ఇవ్వమని మేము అడగం. ఉట్టీ కావాలి, ఆకాశమూ కావాలి. ఉట్టి అందేదాకా తల ఎత్తవద్దంటే తల ఎత్తే అలవాటే పోతుంది.

"ఇవన్నీ పెద్దవాళ్ల పిల్లలకు" అనే మిత్రులకు మేఘనాద్ సాహా కథ చెప్పాలి. ఆయన 1893లో ఢాకా దగ్గర ఒక పల్లెలో చిల్లర దుకాణం నడిపే ఇంట్లో పుట్టాడు. ఊళ్లో బడి అయిపోయాక పైచదువుకు స్థోమత లేదు. వేరే ఊళ్లో ఒక వైద్యుడు తన ఇంట్లో చోటిచ్చాడు. తన కంచం తానే కడుక్కోవాలి, ఆవును చూసుకోవాలి అన్నది షరతు. తర్వాత కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో చేరి ఈడెన్ హిందూ హాస్టల్లో ఉన్నప్పుడు, తక్కువ కులమని కొందరు తోటి విద్యార్థులు ఆయనను తమ పంక్తిలో భోజనానికి కూర్చోనివ్వలేదు. ఆ హాస్టల్ విద్యార్థే 1920లో సాహా సమీకరణాన్ని ప్రపంచానికి ఇచ్చాడు. నక్షత్రం నుంచి వచ్చే వెలుగును రంగులుగా విడదీసి, అక్కడి వేడి ఎంతో, ఏ మూలకాలు ఎంత ఉన్నాయో లెక్కగట్టడానికి అదే తాళంచెవి అయింది. పక్కన కూర్చోనివ్వని వాళ్ల పేర్లు నేడు ఎవరికి గుర్తున్నాయి? సాహా సమీకరణం మాత్రం నక్షత్రాల గురించి చదివే ప్రతి దేశపు విద్యార్థీ నేర్చుకుంటున్నాడు.

శ్రీహరికోట గురించి కూడా ఒక మాట. ఆ దీవిలో రాకెట్ కేంద్రం రాకముందు యానాదులు నివసించేవారు. అడవీ, నీళ్లూ వాళ్ల జీవనాధారం. కేంద్రం కోసం దీవిని తీసుకున్నప్పుడు చాలా కుటుంబాలు ఉన్నచోటు వదలాల్సి వచ్చింది. 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి మొదటి రాకెట్టు లేచింది. ఆకాశానికి దారి వేయడానికి నేల విడిచిన వాళ్ల పిల్లలకు ఆ ఆకాశంలో వాటా లేదంటే న్యాయమేనా? ఆ పిల్లలు కంట్రోల్ రూములో కుర్చీ వేసుకుని కూర్చున్న రోజే ఆ బాకీ తీరుతుందని మా అభిప్రాయం.

కొత్త టెక్నాలజీ అనగానే చప్పట్లు కొట్టేవాళ్లం కూడా కాదు మేము. 'రోబో' అనే మాట ఎక్కడిదో తెలుసా? 1920లో కారెల్ చాపెక్ అనే చెక్ రచయిత రాసిన నాటకంలోది. వాళ్ల భాషలో దాని మూలానికి అర్థం వెట్టిచాకిరీ. వెట్టి అంటే ఏమిటో మన తాతలను అడిగితే చెబుతారు. వరికోత మిషన్ పొలంలో దిగినప్పుడు కూలి పోయిన అమ్మలు మన ఇళ్లలోనే ఉన్నారు. ఇప్పుడు కృత్రిమ మేధ వచ్చింది. ఈ యంత్రం ఎవరి చేతిలో ఉంటుంది, ఎవరి పని తీసుకుంటుంది, లాభం ఎవరికి పోతుంది? మంచి సైన్స్ ఫిక్షన్ ఈ ప్రశ్నలే అడుగుతుంది. యంత్రం లోపల ఏముందో తెలిసినవాడు అడిగితే ఆ ప్రశ్నకు బలం ఉంటుంది. అందుకే మనవాళ్లు సైన్స్ చదవాలి.

ఓటమికి భయపడేవాళ్లకు రెండు ఉదాహరణలు. చంద్రయాన్-2 ల్యాండర్ 2019 సెప్టెంబరు 7న చంద్రుడి మీద కూలిపోయింది. తప్పు ఎక్కడ జరిగిందో వెతికి సరిచేసుకుని 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 చంద్రుడి దక్షిణ ధ్రువం సమీపాన దిగింది. సప్లిమెంటరీ రాయడం సిగ్గుపడే పని కాదని ఇస్రోయే చూపించింది! అలాగే 75 ప్రభుత్వ పాఠశాలల నుంచి 750 మంది బాలికలు పాలుపంచుకుని తయారుచేసిన ఆజాదీశాట్ 2022 ఆగస్టు 7న సరైన కక్ష్యకు చేరలేదు. 2023 ఫిబ్రవరి 10న ఆజాదీశాట్-2 చేరింది. ఆ అమ్మాయిలు చదివింది మన బడుల్లాంటి బడుల్లోనే.

ఇంతకీ మేము కోరేది పెద్దదేమీ కాదు. హాస్టల్ లైబ్రరీ బీరువాలో గైడ్లు, టెస్ట్ పేపర్లు ఉండాల్సిందే. వాటి పక్కన ఒక్క అర సైన్స్ పుస్తకాలకు, సైన్స్ కథలకు ఇవ్వండి. తెలుగులో మహీధర నళినీమోహన్, కొడవటిగంటి రోహిణీప్రసాద్ లాంటి వారు సైన్సును కథ చెప్పినట్లు చెప్పారు. పూర్వ విద్యార్థులైన అన్నలు, అక్కలు తలా ఒక పుస్తకం ఇస్తే ఆ అర నిండుతుంది. పదిమంది కలిస్తే ఒక చిన్న టెలిస్కోపు వస్తుంది. 1610లో గెలీలియో చూసిన గురుగ్రహపు నాలుగు చందమామలను మన డాబా మీద నుంచే చూడవచ్చు. ఇస్రో తొమ్మిదో తరగతి వారి కోసం 2019లో మొదలుపెట్టిన 'యువిక' శిక్షణ ఎంపికలో గ్రామీణ పాఠశాలల విద్యార్థులకు ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. ప్రకటన వచ్చినప్పుడు వార్డెన్ గారు దానిని నోటీసు బోర్డులో పెట్టించి, దరఖాస్తులు దగ్గరుండి నింపించాలని మనవి. శ్రీహరికోటలో ప్రయోగాలను ప్రజలు కూర్చుని చూసే గ్యాలరీ ఉంది. విహారయాత్రకు ఎక్కడికి వెళ్దామని అడిగినప్పుడు ఈసారి ఆ పేరు చెబుదాం.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! స్టడీ అవర్ అయ్యాక కరెంటు పోతే విసుక్కోకండి. డాబా ఎక్కి పైకి చూడండి. అక్కడ మెరిసేవాటి గుట్టు విప్పింది కూడా ఒక హాస్టల్ విద్యార్థే.

— హాస్టల్ సైన్స్ అభిమానులు