అంతరాత్మకు 30 రోజుల నోటీసు: కర్ణాటక చట్టసభలకు బహిరంగ లేఖ

కర్ణాటక శాసనసభ, శాసన పరిషత్తుల గౌరవ సభ్యులకు,

2021 డిసెంబరులో శాసనసభ, 2022 సెప్టెంబరులో శాసన పరిషత్తు ఆమోదించిన మతస్వేచ్ఛా హక్కు పరిరక్షణ చట్టం ప్రకారం, మతం మారదలచిన వ్యక్తి 30 రోజుల ముందుగా జిల్లాధికారికి ప్రకటన సమర్పించాలి. ఆ సంగతిని జిల్లాధికారి తన కార్యాలయంలోనూ తహసీల్దారు కార్యాలయంలోనూ నోటీసు బోర్డుపై పెట్టించి అభ్యంతరాలు ఆహ్వానించాలి. అభ్యంతరం వస్తే రెవెన్యూ లేదా సాంఘిక సంక్షేమ శాఖ ఆ వ్యక్తి ఉద్దేశం నిజమైనదో కాదో విచారించాలి. బళ్లారి పల్లెల్లో పహణి నకలుకో, కుల ధ్రువపత్రానికో, పింఛనుకో తాలూకా కచేరీ మెట్లెక్కనివారు అరుదు కనుక, ఒక కూలి మహిళ తన దేవుణ్ణి మార్చుకోదలచిన సంగతి ఆమెకు పని ఇచ్చే రైతుకూ, అప్పు ఇచ్చిన వడ్డీ వ్యాపారికీ, ఊరి పెద్దలకూ ఆ బోర్డు మీదే తెలిసిపోతుంది. ఆ తర్వాత ఆమె కూలి, అప్పు, నీళ్ల వంతు ఎవరి చేతుల్లో ఉంటాయో గ్రామీణ నియోజకవర్గాల సభ్యులకు వివరించనక్కరలేదు.

1953 అక్టోబరు 1న పూర్వపు బళ్లారి జిల్లా నుంచి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు, బళ్లారితో పాటు మిగిలినవి మైసూరుకు వెళ్లాయి. పెళ్లిళ్లు, పొలాలు, సంతలు నేటికీ ఆ సరిహద్దును దాటుతూనే ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఇటువంటి చట్టం లేదు కాబట్టి, ఆదోనిలోని అక్కకు సొంత విషయమైన విశ్వాసం బళ్లారిలోని చెల్లెలికి మాత్రం ప్రభుత్వ దస్త్రమవుతుంది. ప్రకటన ఇవ్వకపోతే ఆమెకు మూడేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు.

నిర్వచనాలు మరింత కలవరపెడతాయి. ఇద్దరు ఒకేసారి మారితే అది సామూహిక మతమార్పిడి, అంటే ఒక భార్యాభర్తల నిర్ణయం కూడా ఈ మాటకిందికే వస్తుంది. అందులో ప్రలోభం ఉందని రుజువైతే శిక్ష మూడు నుంచి పదేళ్లు, జరిమానా లక్ష రూపాయలు. ప్రలోభం అనే మాటలో ధనం, ఉద్యోగం మాత్రమే కాక, మత సంస్థ నడిపే బడిలో ఉచిత విద్య, మెరుగైన జీవనం, దైవాగ్రహ భయం, ఒక మతాన్ని మరొకదానికంటె గొప్పగా కీర్తించడం కూడా చేరాయి. తన మార్గమే మేలని చెప్పని మతబోధ ఎక్కడ ఉంటుంది? 13వ శతాబ్దిలో పాల్కురికి సోమనాథుడు బసవ పురాణంలో శివభక్తిని అన్నిటికంటె ఉన్నతంగా నిలిపాడు. వేమన కర్మకాండను నిర్మొహమాటంగా నిరసించాడు. 1956 అక్టోబరు 14న నాగపూరులో అంబేడ్కర్‌తో కలిసి బౌద్ధాన్ని స్వీకరించిన లక్షలమందికి ఈ చట్టం వర్తించి ఉంటే, వారిలో ప్రతి ఒక్కరూ నెలరోజుల ముందే అధికారికి చెప్పుకోవలసి వచ్చేది.

బలవంతం, మోసం నేరాలే. వాటిని శిక్షించడానికి సాధారణ శిక్షాస్మృతి చాలు. ఈ చట్టం మాత్రం నేరం చేయలేదని నిరూపించుకునే భారాన్ని నిందితుడి మీదే మోపింది, పైగా వెనుకటి మతానికి తిరిగి వెళ్లేవారిని షరతుల నుంచి మినహాయించింది. మోసాన్ని అరికట్టడమే లక్ష్యమైతే రాకకొక నీతి, పోకకొక నీతి ఉండవలసిన అవసరమేమిటి? ఇటువంటి ముందస్తు నోటీసు నిబంధననే హిమాచల్ ప్రదేశ్ హైకోర్టు 2012లో కొట్టివేస్తూ, విశ్వాసాన్ని వెల్లడించకుండా ఉండే హక్కు పౌరుడికి ఉందని గుర్తించింది.

చట్టాన్ని రద్దు చేయాలని 2023 జూన్ 15న రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించినా, ఉభయ సభల ఆమోదం లేనిదే ఆ నిర్ణయానికి చట్టబలం రాదు. రద్దు కాని చట్టం ఏళ్లతరబడి నిలిచిపోగలదు: జీవపరిణామ సిద్ధాంతాన్ని బోధించరాదని మతావేశంతో 1925లో అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రం చేసిన చట్టం, దాని కింద ఉపాధ్యాయుడు స్కోప్స్‌పై జరిగిన విచారణ ప్రపంచమంతటా చర్చకు వచ్చినా, 1967 దాకా రద్దు కాలేదు. తహసీల్దారు బోర్డు మీద పేరు ఎక్కేవారు అన్నేళ్లు ఆగలేరు కనుక, రద్దు బిల్లును ఉభయ సభలూ జాప్యం లేకుండా ఆమోదించాలనీ, బలప్రయోగపు ఆరోపణ లేని కేసులన్నిటినీ ప్రభుత్వం ఉపసంహరించేలా చూడాలనీ సభ్యులకు విన్నపం.