పంచడానికేనా ప్రతినిధులు?

2021 మే 11న రాష్ట్ర మంత్రివర్గం లాక్‌డౌన్ నిర్ణయించింది. మర్నాటి నుంచే అమలు. ఉదయం 6 నుంచి 10 దాకా మాత్రమే సడలింపు. పల్లె నుంచి ఆత్మకూరుకు గంప తెచ్చి కూరగాయలమ్ముకునే స్త్రీకి ఆ నాలుగు గంటల్లో రాకపోకలకెంత పోతుంది, బేరానికెంత మిగులుతుంది? ఈ సంగతి చెప్పగలిగేది వార్డు సభ్యురాలు, కౌన్సిలరు, ఆశ కార్యకర్త. కానీ వాళ్లను అడిగి తీరాలన్న నియమం 1897 నాటి అంటువ్యాధుల చట్టంలో లేదు.

బొంబాయి ప్లేగు కాలంలో వలస పాలకులు చేసిన చట్టమది. ఆంక్షలను శాసనసభ ముందుంచాలని అందులో ఎక్కడా లేదు. 2020లో దాన్ని సవరించి వైద్య సిబ్బందికి రక్షణ కల్పించారు. అది అవసరమే. ఈ లోటును మాత్రం ముట్టుకోలేదు.

2020 మార్చి 16న వాయిదాపడిన మన శాసనసభ మళ్లీ కూడింది సెప్టెంబర్ 7న. మార్చి 22న మొదలైన లాక్‌డౌన్‌ను మధ్యలో సభలో ప్రశ్నించే అవకాశమే లేదు. తలకు 12 కిలోల బియ్యం, కార్డుకు 1500 రూపాయలు ఇవ్వాలన్నది ప్రభుత్వ నిర్ణయం. ఎమ్మెల్యేలు జనానికి కనిపించింది ఎక్కువగా సరుకుల పంపిణీలోనే.

ఆ ఏప్రిల్‌లోనే, మనకు కృష్ణ అవతలున్న గద్వాల జిల్లా నుంచి ఒక గర్భిణిని ఆసుపత్రి నుంచి ఆసుపత్రికి తిప్పారు. చివరికి తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కలేదు. ఎందుకిలా జరిగిందని అడగడానికి హైకోర్టు పూనుకోవలసి వచ్చింది. అడగవలసిన సభకు అప్పుడు తాళం పడి ఉంది.

రోగం సభ కూడే దాకా ఆగదంటారు. నిజమే. మొదటి ఉత్తర్వు ప్రభుత్వమే ఇవ్వనివ్వండి. దాన్ని పొడిగించేటప్పుడైనా సభ అనుమతి ఉండొద్దా? న్యూజిలాండ్‌లో 2020 లాక్‌డౌన్ సమయంలోనే ప్రతిపక్ష నాయకుడి అధ్యక్షతన పార్లమెంటరీ కమిటీ మంత్రులను బహిరంగంగా ప్రశ్నించింది. ఒడిశా, అదే ఏడాది ఏప్రిల్‌లో, క్వారంటైన్ బాధ్యతలో సర్పంచులకు కలెక్టరు అధికారాలిచ్చింది.

స్థానిక అధికారం ఎప్పుడూ దయగలదేమీ కాదు. ఊరి దారికి ముళ్లకంప అడ్డం వేసి బయటివాళ్లను ఆపిన పల్లెలు మన రాష్ట్రంలోనే ఉన్నాయి. బతకడానికి బొంబాయి, పుణె పోయి తిరిగొచ్చే పాలమూరు కూలీకి ఆ కంప అంటే ఏమిటో వేరే చెప్పాలా? అందుకే అధికారంతోపాటు హద్దులూ కావాలి.

మనం అడిగేవి ఇవి. నిర్ణీత గడువులోగా శాసనసభ ఆమోదించని ఆంక్ష దానంతటదే రద్దు కావాలి. సభ కూడలేని రోజుల్లో, సగం మంది స్త్రీలుండే సభాసంఘం పని చేయాలి. అంగడి వేళలు, రేషన్, రాకపోకల మీద మున్సిపాలిటీ, పంచాయతీల తీర్మానం తప్పనిసరి చేయాలి. కాన్పుకు, మందులకు, ఇంట్లో దెబ్బలు తప్పించుకోవడానికి బయల్దేరిన స్త్రీని సర్పంచైనా, పోలీసైనా ఆపకూడదు.

రాజ్యాంగం పదకొండో షెడ్యూలు ఆరోగ్యాన్ని పంచాయతీల అంశాల్లో చేర్చింది. మన స్థానిక సంస్థల్లో సగం స్థానాలు స్త్రీలవి. వ్యాధి లేని ఈ రోజుల్లోనే మక్తల్ ఎమ్మెల్యేనూ, మన వార్డు కౌన్సిలరునూ ఈ మాట అడుగుదాం. రేపు వ్యాధి వచ్చాక అడగడానికి మనల్ని గడప దాటనిస్తారో లేదో.