సంతకాలు 312, పిల్లల పేర్లు 9



మొన్న ఉగాది మీటింగులో ఒకాయన లేచి, "ఏడాది పొడుగునా అర్జీలని తిరిగినారు గదా, ఏం వచ్చింది?" అని అడిగినాడు. ఆయన అడిగిన దాంట్లో తప్పు లేదు. అక్కడ మైకు పట్టుకొని జవాబు చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. అందుకని రాస్తున్నా. కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓర్చుకోండి. నా బడి చదువంతా తమిళంలో. తెలుగు అక్షరాలు నేర్చింది నలభై దాటినాక. తప్పులుంటే దిద్దండి.

మా ఊరు కోవిల్‌పట్టి పక్క నల్లరేగడి సీమ. ఉద్యోగం వల్ల మదురైలో స్థిరపడినాము. మా అమ్మకు ఎనభై ఆరేళ్ళు, ఇంకా ఊళ్ళోనే ఉంది. పోయినేడు ఉగాది అయిన వారానికి కొడుకు, కోడలు, మనవరాలితో ఊరికి పోయినాము. మంచి ఎండ. పిల్ల మొఖం వాడిపోయింది. మా అమ్మ అరుగు మీద కూర్చొని, "దప్పికయితా ఉండాదా అమ్మణ్ణీ?" అని అడిగింది. పిల్ల నా మొఖం చూసింది. అమ్మ మళ్ళీ అడిగింది. పిల్ల పలకలేదు. అప్పుడు మా అమ్మ "తణ్ణి వేణుమా?" అనింది. పిల్ల తలాడించి చెంబెత్తి తాగింది.

అంతే జరిగింది. ఎవరూ ఏమీ అనుకోలేదు. నాకు మాత్రం ఆ పూట అన్నం దిగలేదు. మా అమ్మ సంతలో, బస్సులో, ఆసుపత్రిలో తమిళం మాట్లాడతాది. ఇంటి గడప లోపల, సొంత బిడ్డలతో తమిళం మాట్లాడగా నేను వినడం అదే మొదలు.

తప్పెవరిది? నాది. నా కొడుకు ఒకటో తరగతిలో ఉన్నప్పుడు "ఇంట్లో కూడా తమిళమే మాట్లాడండి, పిల్లవాడు వెనకపడతాడు" అని టీచరు చెప్పింది. నేను సరే అన్నా. మా ఇంటామె వద్దనింది, నేను వినలేదు. వాడికి తెలుగు అర్థమవుతాది, నాలుగు మాటలు మాట్లాడతాడు. వాడి బిడ్డకు ఆ నాలుగు కూడా లేవు.

జూన్ నెలలో మన సంఘం ఒక తీర్మానం చేసింది. మన పక్క బడిలో తెలుగు చెప్పడానికి ఒక టీచరు కావాలని అర్జీ పెట్టాలి. సాయంత్రం పూట ఆరుగురం వీధులు తిరిగినాము. అర్జీ రాసే పని నాకు పడింది, ఎందుకంటే ఆఫీసు తమిళం బాగా రాసేది నేనే. తెలుగు కావాలని తమిళంలో అర్జీ. నవ్వుకోండి, నేనూ నవ్వుకున్నా.

రాసినవన్నీ నిజాలే. 2011 జనాభా లెక్కల్లో తమిళనాడులో తెలుగు తల్లిభాష అని చెప్పినవాళ్ళు 42 లక్షలకు పైన, అంటే నూటికి దాదాపు ఆరుగురు. రాజ్యాంగంలో 350ఎ అధికరణం ఉంది, 1956లో చేర్చినారు. భాషాపరంగా తక్కువమంది ఉన్నవాళ్ళ పిల్లలకు ప్రాథమిక బడిలో తల్లిభాషలో చదువు చెప్పే వసతి కల్పించాలి అంటుంది. 2006 తమిళ చట్టం ప్రకారం తమిళం మొదటి పాఠం, ఇంగ్లీషు రెండోది, మిగతా పాఠాలు మూడో భాగం. తల్లిభాష వేరే అయితే దాన్ని ఇష్టపాఠంగా నాలుగో భాగంలో చదువుకోవచ్చు. ఆ చట్టం ఒకటో తరగతితో మొదలై ఏడాదికొక తరగతి ఎక్కుతూ పోయింది. పదో తరగతి పరీక్ష దగ్గర మన భాషల బడులు కోర్టుకు పోయి కొన్నేళ్ళు మినహాయింపు తెచ్చుకున్న కథ మీకు తెలిసిందే. ఇదంతా రాసి, రాజుల పేర్లు, కవుల పేర్లు కూడా చేర్చి, 312 సంతకాలు పెట్టించి, ఒక సోమవారం కలెక్టరాఫీసులో వరుసలో నిలబడినాము.

అర్జీ తీసుకున్న ఆఫీసరమ్మ చిన్న వయసు మనిషి. మర్యాదగా కూర్చోబెట్టి, మొదటినుంచి చివరిదాకా చదివింది. చదివి ఒకే మాట అడిగింది. "అయ్యా, ఈ 312 మంది ఇళ్ళల్లో తెలుగు చదవబోయే పిల్లలు ఎందరు? పేరు, తరగతి, బడి రాసి జాబితా ఇవ్వండి. పిల్లలుంటే టీచరును అడగొచ్చు. సంతకాలకు టీచరును ఎట్లా అడిగేది?"

నేను ముప్పై ఆరేళ్ళు రైల్వేలో గుమాస్తాగా చేసిన మనిషిని. జాబితా లేని ఫైలు కదలదని నాకంటే బాగా ఎవరికి తెలుసు?

మళ్ళీ అవే వీధులు, అవే గడపలు. ఈసారి నోటుబుక్కులో మూడు గడులు గీసుకొని పోయినాము. సంతకం చేసినప్పుడు కాఫీ ఇచ్చిన ఇళ్ళే. "ఓ, మన భాష కోసమా, పెట్టినామే సంతకం!" అన్నారు. పిల్ల పేరు ఇవ్వండి అంటే, "మా వానికి ట్యూషన్ ఉంది." "మా అమ్మాయికి హిందీ పరీక్ష." "చూసి చెప్తాము." రెండు నెలలు తిరిగితే వచ్చిన పేర్లు 9.

ఆ తొమ్మిదిలో నా మనవరాలి పేరు లేదు.

నా కొడుకు ఒప్పుకోలేదు. "నాయనా, ఆ పిల్లకు ఇప్పటికే మూడు భాషలు. నాలుగోది దేనికి? మీరు నాకు నేర్పలేదు, నేను చెడిపోయినానా?" అన్నాడు. ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఇద్దరం వారం రోజులు మాట్లాడుకోలేదు. ఊరంతా తిరిగి పిల్లల్ని అడుగుతున్నాను, నా ఇంట్లో పిల్ల నా జాబితాలో లేదు.

ఆ వారంలో ఒక రాత్రి మా కోడలు వంటింట్లోంచి వచ్చి, "మామా, నేను ఎనిమిదో తరగతి దాకా తెలుగు బడిలో చదివినాను, తెలుసునా?" అనింది. ఆమెది హోసూరు పక్క. అక్కడ తెలుగు బడులున్న సంగతి నేను ఎన్నో మీటింగుల్లో చెప్పినవాణ్ణి. పదేళ్ళుగా నా ఇంట్లో ఉన్న మనిషి ఆ బడిలో చదివిందని మాత్రం నాకు తెలియదు. "ఎప్పుడూ చెప్పలేదేమమ్మా?" అంటే, "నన్నెవురూ అడగలేదు" అనింది.

మన సంఘం మీటింగు ఫోటోలు ఒకసారి చూడండి. ముందు వరుసలో అందరం మగవాళ్ళమే. తెలుగు బాగా చదవను, రాయను వచ్చిన ఆడవాళ్ళు ఎందరి ఇళ్ళల్లో వంటింట్లో ఉన్నారో మనకు తెలియదు. టీచరు లేదు, టీచరు లేదు అని ప్రభుత్వం మీద పడుతున్నాము.

ఆ ఆదివారం నుంచి మా మిద్దె మీద తరగతి మొదలైంది. టీచరు మా కోడలు. మా మనవరాలిని ఎవరూ రమ్మనలేదు. మూడో వారం తానే మెట్లెక్కి వచ్చి వెనక కూర్చుంది. కొడుకు చూసినాడు, ఏమీ అనలేదు.

ఇక ప్రయాణాల సంగతి. "పిల్లల్ని ఊర్లకు తిప్పితే భాష వస్తుందా?" అని కొందరు అడిగినారు. రాదు. కానీ ప్రశ్నలు వస్తాయి.

మొదట మా ఊళ్ళోనే ఉన్న తిరుమల నాయకుని మహలుకు తీసుకుపోయినా. 1636లో కట్టింది, నాయకరాజులు తెలుగువాళ్ళు అని గొప్పగా చెప్తున్నా. మనవరాలు ఆ పెద్ద పెద్ద స్తంభాలు చూసి, "తాతా, ఆయన కూడా ఇంట్లో మన మాదిరే తమిళం మాట్లాడేవాడా?" అని తమిళంలో అడిగింది. ఆ రోజుతో పిల్లలకు రాజుల గొప్పలు చెప్పడం మానుకున్నా.

జనవరిలో తిరువయ్యారు ఆరాధనకు పోయినాము. త్యాగరాజస్వామి పుట్టింది తిరువారూరులో, బతికింది, 1847లో పోయింది తిరువయ్యారులో. కావేరి ఒడ్డున ఆయన సమాధికి గుడి కట్టించింది బెంగళూరు నాగరత్నమ్మ. పంచరత్నాలు ఐదింటిలో మొదటిది సంస్కృతం, మిగతా నాలుగూ తెలుగు. అన్ని వందల మంది కూర్చొని ఒక గొంతుగా పాడుతుంటే ఒళ్ళు జలదరిస్తుంది. మా పక్కన కూర్చున్న తమిళావిడ చేతిలో పుస్తకం తమిళ లిపిలో ఉంది. అక్షరాల పక్కన చిన్న చిన్న అంకెలు. పిల్ల అవేమిటని అడిగింది. ఆవిడే చెప్పింది: తమిళంలో క, గ రెండింటికీ ఒకటే అక్షరం. పక్కన 3 వేస్తే గ అని గుర్తు. అట్లాగే త పక్కన 3 వేస్తే ద.

మా పిల్ల అప్పటిదాకా తెలుగు మాటల్ని తమిళ అక్షరాల్లోనే రాసుకొనేది. కడప, గడప దాని నోటుబుక్కులో ఒకటే. పాట, బాట ఒకటే. అంకెలు లేకుండా రాయాలంటే తెలుగు అక్షరాలు కావాలని దానికి అక్కడ అర్థమైంది. నేను వంద సార్లు చెప్పి ఉంటే ఎక్కేది కాదు. వచ్చే దోవలో తంజావూరు సరస్వతీ మహలులో తాటాకు పుస్తకాలు చూపించినా. గాజు పెట్టె మీద వంగి, తనకు తెలిసిన అక్షరాల కోసం వెతికింది.

ఫిబ్రవరిలో తిరుపతి. నాకు రైల్వే పాసు, వాళ్ళకు టిక్కెట్లు. అరక్కోణం దాటినాక పిల్లను కిటికీ పక్కన కూర్చోబెట్టినా. నేను తెలుగు నేర్చిన బడి అదే! తిరుత్తణి దాకా స్టేషను బోర్డు మీద తమిళం. ఆ తర్వాత కాసేపటికి తెలుగు వస్తుంది. తిరుత్తణి 1960 ఏప్రిల్ దాకా చిత్తూరు జిల్లాలోనే ఉండేది. ఉద్యోగం రోజుల్లో ఆ దోవన పోయినప్పుడంతా కింద ఉన్న ఇంగ్లీషుతో సరిచూసుకుంటూ పుత్తూరు, రేణిగుంట, గూడూరు అని ఒక్కో అక్షరం పట్టుకున్నా. ఆ తర్వాతే పెద్ద బాలశిక్ష కొన్నా. మనవరాలు 'పుత్తూరు' అని కూడబలుక్కొని చదివినప్పుడు మా కొడుకు సెల్‌ఫోను పక్కన పెట్టి బోర్డు చూసినాడు.

కొండ మీద ఒక చేదు కూడా జరిగింది, దాచను. వరుసలో గుంటూరు పక్క నుంచి వచ్చినామని చెప్పినామె పిల్లను పలకరించింది. పిల్ల ధైర్యం చేసి, "మా అవ్వ ఊళ్ళో ఉండాది" అనింది. ఆమె నవ్వి, "ఇదేం తెలుగమ్మా, తమాషాగా ఉందే" అనింది. ఆమెకు చెడ్డ మనసు లేదు. కానీ పిల్ల ఆ తర్వాత నోరు తెరవలేదు. కొండ దిగినాక పూలు అమ్మే ముసలామెకు సంగతి చెప్తే, "మేమూ ఉండాది అనే అంటాము బిడ్డా" అని ఒక మూర ఎక్కువ కొలిచి ఇచ్చింది. పిల్ల మొఖంలో అప్పుడు నవ్వు వచ్చింది. మన తరగతుల్లో టీచర్లకు నా విన్నపం ఇది: పుస్తకం తెలుగు నేర్పండి, కానీ ఇంటి తెలుగును తప్పు అని దిద్దకండి. దిద్దితే పిల్లకు తమిళం సిద్ధంగా ఉంది, దానిలోకి పోతుంది.

తమిళం సిద్ధంగా ఉండటం తప్పు కాదు. నాకు అన్నం పెట్టింది తమిళమే. మా సీమ తెలుగువాళ్ళు వలస వచ్చిన కథను నేను చదివింది కి. రాజనారాయణన్ 1976లో రాసిన గోపల్ల గ్రామంలో, తమిళంలో. ఆయనది మా పక్క ఇడైసెవల్, ఇంటి భాష తెలుగు. మన కథను అంత బాగా చెప్పిన భాష మీద నాకు పగ ఎట్లా ఉంటుంది? మన అడుగుడు తమిళం తీసేయమని కాదు, తెలుగుకు కూడా కొంచెం చోటు ఇమ్మని. మీటింగుల్లో ఆవేశంగా మాట్లాడే తమ్ముళ్ళు ఈ మాట గుర్తు పెట్టుకోవాలి.

ఇక నా అభిప్రాయం. "ఇంట్లో నేర్పితే చాలు, అర్జీలెందుకు?" అనేవాళ్ళతో నేను ఒప్పుకోను. కూలికి పోయే ఇంట్లో నేర్పే తీరిక ఎవరికుంది? బడిలో ఉంటేనే ఆ పిల్లకు వస్తుంది. అది మన హక్కు, అడగాల్సిందే. "ప్రభుత్వం ఇస్తేనే నేర్పుతాము" అనేవాళ్ళతోనూ ఒప్పుకోను. పిల్లలు లేని అర్జీ పెట్టెలు లేని ఇంజను మాదిరి. కూత పెడుతుంది, ఎవరినీ ఎక్కించుకోదు.

అందుకని సంఘానికి మూడు మాటలు. ఒకటి, ఈ ఏడు సంతకాలు ఆపి పిల్లల పేర్లు అడుగుదాము, మన కమిటీ వాళ్ళ ఇళ్ళతోనే మొదలుపెట్టి. రెండు, ఉగాదికి శాలువాలకు, పూలదండలకు, ఫ్లెక్సీలకు పెట్టే డబ్బులో సగం ఆదివారం టీచర్లకు ఇద్దాము. మూడు, ప్రతి ఇంట్లో తెలుగు చదివిన కోడళ్ళు, కూతుళ్ళు ఎవరున్నారో అడిగి రాసుకుందాము.

ఏం వచ్చిందని అడిగిన ఆయనకు లెక్క చెప్తాను. తొమ్మిది మందితో మొదలైన తరగతిలో ముగ్గురు మానుకున్నారు, ఎనిమిది మంది కొత్తగా చేరినారు. ఇప్పుడు పద్నాలుగు. పోయిన నెల జాబితాతో మళ్ళీ అర్జీ పెట్టినాము. జవాబు ఇంకా రాలేదు. వచ్చే సోమవారం మళ్ళీ పోతాను. ఆ జాబితాలో పద్నాలుగో పేరు మా మనవరాలిది. ఆ వరుస రాసింది నా కొడుకు, వాడికి వచ్చిన తమిళంలోనే.

మీ ఇంటి పిల్ల పేరు, తరగతి, బడి. ఈ మూడు చెప్పండి చాలు, సంతకం అక్కర్లేదు.