పెరటి మోటారుకు సన్న వైరు

ఎండలు ముదిరాయంటే పల్లెల్లో మోటారు వైండింగ్ షాపులవాళ్ళకు ఊపిరాడదు. ఎందుకు కాలిందని అడిగితే మోటారు తెచ్చినవారు చెప్పేది ఒకటే మాట: లో వోల్టేజి. ఆ తిట్లన్నీ ట్రాన్స్‌ఫార్మరుకూ, లైన్‌మన్‌కూ తగులుతాయి. అందులో కొంత న్యాయం లేకపోలేదు. అయితే మీటరు దాటిన తరువాత, సొంత డబ్బుతో కొన్న వైరులోనే వోల్టేజి తరిగిపోతున్న సంగతిని గమనించేవారు తక్కువ.

పల్లెటూరి ఇంటి తీరు వేరు. మీటరు వీధి అరుగు మీద, బోరు పెరటి చివర, పశువుల కొట్టం దానికీ ఆవల. మీటరు నుండి మోటారుకు యాభై, అరవై మీటర్ల వైరు లాగడం మామూలే. అయినా దుకాణంలో "ఎన్ని హెచ్.పి. మోటారు?" అని అడుగుతారు గాని "ఎంత దూరం?" అని అడగరు. కొనేవారూ చెప్పరు. చవకగా దొరికే ఒకటిన్నర వైరు చుట్ట పట్టుకొని వచ్చేస్తారు.

వైరు పొడవు పెరిగేకొద్దీ అందులో వోల్టేజి తరుగుతుంది. లావు పెరిగేకొద్దీ ఆ తరుగు తగ్గుతుంది. దీనికి లెక్క కష్టమేమీ కాదు. మీటర్లలో దూరాన్ని ఆంపియర్లతో హెచ్చించి, చుట్ట మీద రాసి ఉండే చదరపు మిల్లీమీటర్లతో భాగించి, వచ్చినదాన్ని మళ్ళీ 28తో భాగిస్తే రాగి వైరులో తరిగే వోల్టులు సుమారుగా తెలుస్తాయి. కరెంటు పోను, రాను రెండు వైర్ల తరుగూ ఇందులోనే కలిసి ఉంది. అల్యూమినియం వైరైతే 28కి బదులు 17 వేసుకోవాలి.

సింగిల్ ఫేజు 1 హెచ్.పి. మోటారు సుమారు 7 ఆంపియర్లు తీసుకుంటుందనుకుందాం. 60 మీటర్ల దూరానికి ఒకటిన్నర రాగి వైరు వేస్తే 10 వోల్టులు పోతాయి. అదే లావు అల్యూమినియం వైరులో 16 దాటుతాయి. నాలుగు చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేస్తే పోయేది 4 వోల్టులు మాత్రమే. 230 వోల్టుల మీద 5 శాతం, అంటే పదకొండున్నర వోల్టులు మోటారుకు హద్దు అనుకుంటే, ఒకటిన్నర రాగి వైరును 69 మీటర్లకు మించి లాగరాదు. రెండున్నర వైరైతే 115 మీటర్లు. స్తంభం నుండి వచ్చేదే తక్కువగా ఉన్న ఊళ్ళలో ఈ హద్దులను ఇంకా కుదించుకోవాలి.

10 వోల్టులే కదా అని తీసిపారేయడానికి లేదు. స్విచ్చి వేసిన క్షణంలో మోటారు మామూలు కంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. అప్పుడు ఆ సన్న వైరులో 30 వోల్టులకు పైగా పోతాయి. సాయంత్రం వేళ మీటరు దగ్గరే 200 వోల్టులు ఉంటే మోటారుకు చేరేది 170. తిరగడం మొదలుపెట్టే బలం అప్పటికే సగానికి దగ్గరవుతుంది. మోటారు 'గూ' అని మూలుగుతుంది గాని తిరగదు. లోపల కెపాసిటరు పోతుంది, లేదా వైండింగే మాడిపోతుంది. ఒకసారి వైండింగుకు పోసే డబ్బు ముందే లావు వైరుకు పెట్టి ఉంటే సరిపోయేది. వైండింగు అయ్యేదాకా బిందెలు మోసేది ఇంటి ఆడవాళ్ళే.

ఇక్కడ జనం మోసపోయే చోటు ఒకటుంది. బోరు దగ్గర బల్బు పెట్టి చూస్తారు. ధగధగా వెలుగుతుంది. వైరు బాగానే ఉందని తేల్చేస్తారు. కాని 10 వాట్ల ఎల్.ఇ.డి. బల్బు తీసుకునే కరెంటు మోటారు తీసుకునేదానిలో నూరో వంతు కూడా ఉండదు. దానికి ఎంత పొడవైనా చెల్లుతుంది. ఆ బల్బు సాక్ష్యం మోటారుకు పనికిరాదు.

పొడవుతో మరో ప్రమాదం కూడా ఉంది. వంద మీటర్ల ఒకటిన్నర వైరు చివర రెండు తీగలు ఒకదానికొకటి తగిలితే పారే కరెంటు 95 ఆంపియర్ల దరిదాపుల్లోనే ఆగిపోతుంది. ఇళ్ళలో వాడే 16 ఆంపియర్ల ఎం.సి.బి. అంతమాత్రానికి తక్షణం పడకపోవచ్చు. ఈలోగా వైరు కాగుతుంది. పక్కన గడ్డివాము ఉంటే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. ఫ్యూజులో నాలుగు పోగులు మెలేసి పెట్టిన ఇళ్ళలో ఆపేదే లేదు. పశువుల కొట్టానికి వెళ్ళే లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. తప్పక ఉండాలి. తడినేల మీద నిలబడే పశువుకూ, పాలు పితికే మనిషికీ ఎం.సి.బి. ఒక్కటే రక్ష కాదు.

తప్పు వైరుదా, లైనుదా అన్నది కొలిస్తే తేలిపోతుంది. మోటారు తిరుగుతుండగా మీటరు దగ్గర ఒకసారి, మోటారు స్టార్టరు దగ్గర ఒకసారి వోల్టేజి చూడాలి. ఈ పని ఎలక్ట్రీషియన్ చేతనే చేయించాలి. రెండింటికీ తేడా 12 వోల్టులు దాటితే వైరు మార్చుకోవలసింది ఇంటివారే. మీటరు దగ్గరే తక్కువగా ఉంటే జవాబు చెప్పవలసింది కరెంటు ఆఫీసు. లో వోల్టేజి అని ఫిర్యాదు చేసినవారిని మీ వైరే బాగాలేదని కొలవకుండా పంపివేయడం అధికారులకు తగదు. ఫిర్యాదు వచ్చిన ఇంటికి లైన్‌మన్ వెళ్ళి మీటరు దగ్గర సాయంత్రం వేళ కొలిచి, ఆ అంకెను ఫిర్యాదు కాగితం మీదనే రాసి ఇచ్చేలా ఆదేశాలు ఇవ్వాలి. ఇది ఎండాకాలం రాకముందే జరగాలి.