ఛాసిస్ చరిత్రది, బాడీ రచయితది

ఆటోనగర్‌లో లారీ ఎలా తయారవుతుందో చూశారా? ఛాసిస్ కంపెనీ నుంచి వస్తుంది. బాడీ, రంగులు, బొమ్మలు మనవాళ్ల పనితనం. చారిత్రక నవల కూడా అంతే!

వాల్టర్ స్కాట్ 1819లో ‘ఐవాన్‌హో’ రాస్తూ మధ్యయుగపు ఇంగ్లండ్ కథలోకి రాబిన్‌హుడ్‌ని దింపాడు. అసలు ఆ దొంగ ఉన్నాడో లేదో ఇప్పటికీ తేలలేదు. మన గోన గన్నారెడ్డి అలా కాదు. 1294 నాటి రాయచూర్ కోట శాసనంలో పేరుంది. అయితే శాసనం పేరు చెప్తుంది, కోట గురించి చెప్తుంది. ఆ మనిషి ఎలా నవ్వేవాడో చెప్పదు. ఆ ఖాళీలోనే అడివి బాపిరాజు ఆయన్ని రుద్రమ కోసం తిరిగే గజదొంగని చేశారు. 2015లో ‘రుద్రమదేవి’ సినిమాలో అల్లు అర్జున్ వేసిందీ గజదొంగ వేషమే.

కిక్ అంతా బాడీలోనే ఉంది, ఒప్పుకుందాం. కానీ రీల్ చూసి ‘ఇదే అసలు హిస్టరీ’ అని షేర్ కొట్టే ముందు, ఓసారి వంగి ఛాసిస్ చూడండి బాస్!