జేబు గడియారానికి జీర్ణోద్ధరణ

పాతకాలపు పెట్టెల అడుగున, దస్తావేజుల నడుమ, ఆగిపోయిన జేబు గడియారం ఒకటి పడి ఉండడం తెలుగువారి ఇండ్లలో వింత కాదు. తాతగారు రైల్వే గార్డుగానో, తాలూకా కచేరీలో గుమాస్తాగానో ఉన్ననాటిది. వెండి గొలుసు ఎప్పుడో కరిగి మనుమరాలి పట్టీలైపోయింది. గడియారం మాత్రం మిగిలింది. దానిని బాగుచేయించాలన్న కోరిక ఏనాడో ఒకనాడు ఇంటిలో ఎవరికో ఒకరికి కలుగుతుంది. కోరిక మంచిదే. కాని చేతిలో ఉన్న కొద్దిపాటి సొమ్ములో పెద్ద భాగం డయలుకు కొత్త రంగు వేయించడానికీ, కేసును తళతళలాడేటట్లు తోమించడానికీ పోతుంది. లోపలి యంత్రానికి దక్కేది ఒక చుక్క నూనె. గుడి గోడలకు సున్నం కొట్టి శాసనాలు కప్పివేసి, దానికి జీర్ణోద్ధరణ అని పేరు పెట్టడం ఈ కోవలోనిదే.

గడియారం అనే మాటలోనే గడియ ఉన్నది. గడియ అంటే 24 నిమిషాలు. దినానికి 60 గడియలు. పూర్వం అడుగున సన్నని రంధ్రం ఉన్న గడియకుడుకను నీటిపై ఉంచి, అది మునిగే కాలాన్ని గడియగా లెక్కించేవారు. ఆ రంధ్రంలో మట్టి చేరితే కాలం తప్పుతుంది. కుడుకను బయట ఎంత తోమినా ప్రయోజనం లేదు. రంధ్రాన్ని శుభ్రం చేయవలసిందే.

జేబు గడియారం సంగతీ అంతే. డబ్బాలో చుట్టుకొని ఉన్న స్ప్రింగు విప్పుకొంటూ చక్రాల వరుసను త్రిప్పుతుంది. ఆ బలమంతా ఒక్కసారిగా ఖర్చయిపోకుండా లీవరు అడ్డుపడి, బాలెన్సు చక్రం ఊగినప్పుడల్లా కొద్దికొద్దిగా వదలుతుంది. సాధారణంగా ఇది సెకనుకు 5 మారులు, గంటకు 18,000 మారులు, రోజుకు 4,32,000 మారులు జరుగుతుంది. ఇంత పని చేసే ఆ చక్రపు ఇరుసు కొనలు దాదాపు వెంట్రుకంత సన్నం. దశాబ్దాలు పెట్టెలో ఉన్న గడియారంలో నూనె ఎండి బంక అవుతుంది. దుమ్ముతో కలిస్తే ఆకురాయి పని చేస్తుంది. అటువంటి దానికి కీ ఇచ్చి, నడిచింది గదా అని సంతోషించడం ఇరుసులను అరగదీయడమే. ఆగిన గడియారాలలో చాలా వాటికి విరిగినదేమీ ఉండదు, మురికి తప్ప.

కనుక సొమ్ము తక్కువైనప్పుడు మొదటి ఖర్చు యంత్రాన్ని పూర్తిగా విప్పించి, ప్రతి భాగాన్నీ కడిగించి, కొత్త నూనె వేయించడానికే కావాలి. రెండవది స్ప్రింగు. పాత ఉక్కు స్ప్రింగు తెగుతుంది, లేదా సత్తువ కోల్పోతుంది. వెడల్పు, మందం, పొడవు కొలిచి సరిపోయేది వేయాలి. బాలెన్సు ఇరుసు విరిగితేనే అసలు చిక్కు. దెబ్బను ఓర్చుకొనే ఇంకాబ్లాక్ వంటి అమరికలు 1930లలో వచ్చినవి. అంతకు ముందరి గడియారం ఒక్కసారి జారిపడితే ఇరుసు పోవచ్చు. కొత్తది చేయించడం ఖరీదైన పని. అదే రకానికి చెందిన పాడైన యంత్రాన్ని కొని, అందులోని భాగాలు వాడడం చౌక. వాల్తం, ఎల్జిన్ వంటి అమెరికా గడియారాలకు ఈ విషయంలో ఒక సౌకర్యం ఉన్నది: యంత్రంపై చెక్కిన సంఖ్యను బట్టి తయారైన కాలమూ, నమూనా తెలుస్తాయి.

అన్నిటికీ ఇంత ఖర్చు తగునా అంటే, తగదు. సామాన్యునికి అందుబాటులో ఉండాలని రోస్కోఫ్ 1867లో తెచ్చిన చౌకరకపు గడియారాలూ, వాటి అనుకరణలూ లెక్కలేనన్ని ఉన్నవి. ఆశయం గొప్పదే గాని, వాటిలో చాలా రకాలు పదే పదే బాగుచేయడానికి పుట్టినవి కావు. తాతగారిదైతే సరే, సంతలో కొన్నదైతే ఆ సొమ్ము రాళ్లు పొదిగిన లీవరు గడియారానికి వెచ్చించడం మేలు.

ఇంటిలో చేసే వైద్యంతో వచ్చే నష్టం మరొకటి. కొబ్బరినూనె, కుట్టుమిషను నూనె పోయడం. ముళ్లు కదలడం లేదని మరను పట్టి లాగడం. కొన్ని రైల్వే గడియారాలలో ముళ్లు త్రిప్పడానికి మీట అద్దపు కట్టు క్రింద దాగి ఉంటుంది. తెలియక లాగితే విరిగేది మరే. అన్నిటికన్నా ప్రమాదకరమైనది, చీకటిలో వెలిగే పాత డయలును గోకడం. అందులో రేడియం ఉండవచ్చు. వెలుగు పోయినంత మాత్రాన రేడియం పోదు; దాని అర్ధాయువు సుమారు 1,600 సంవత్సరాలు. విద్యార్థులకు ఇది ముఖ్యంగా చెప్పవలసిన మాట.

పెండ్లిలో మనుమనికి ఇచ్చేటప్పుడు మెరవవద్దా అని పెద్దలు అడుగుతారు. పగిలిన అద్దం మార్పించవచ్చు, తప్పులేదు. కాని కేసును అరగదీస్తే దానితో పాటు తాతగారి పేరులోని పొడి అక్షరాలు, వెండి ముద్ర కూడా అరుగుతాయి. తాళపత్రాన్ని పరిష్కరించే పండితుడు శిథిలమైన చోట చుక్కలు పెడతాడు గాని, తన పద్యం వ్రాయడు. డయలుపై సన్నని చీలిక ఉంటే ఉండనీయవచ్చు.

పనివాని కూలి దగ్గరకు వచ్చేసరికి చదువుకొన్నవారు సైతం తడబడుతున్నారు. "ఏమి మార్చావు?" అని అడుగుతారు. "ఏమీ మార్చలేదండీ, విప్పి కడిగాను" అంటాడతడు. "కడిగినందుకే ఇంతా?" అని బేరం మొదలవుతుంది. కొత్త వస్తువు కంటికి కనబడితే మారు మాటాడక ఇచ్చే చేయి, కనబడని నేర్పుకు ఇవ్వడానికి వెనుకాడుతుంది. 1969లో క్వార్ట్జు చేతి గడియారం వచ్చింది. 1961లో జపాను సిటిజన్ సహకారంతో బెంగుళూరులో గడియారాల తయారీ ప్రారంభించిన హెచ్.ఎం.టి. సంస్థ గడియారాల విభాగాన్ని మూసివేయడానికి 2016లో ప్రభుత్వం నిర్ణయించింది. కంటికి భూతద్దం తగిలించుకొని, శ్రావణంతో వెంట్రుకవంటి స్ప్రింగును సరిచేయగల వృద్ధుడు ఊరిలో ఒక్కడుంటే అదృష్టమే. బ్యాటరీలు మార్చి పొట్టపోసుకొంటున్న అతనికి అటువంటి పని నెలకొకటి వచ్చినా, పక్కన కూర్చున్న కుర్రవాడు చూసి నేర్చుకొంటాడు.

బాగుచేసిన గడియారాన్ని ఆనాడే తెచ్చుకోరాదు. నిలబెట్టినప్పుడొక విధంగా, పడుకోబెట్టినప్పుడొక విధంగా నడుస్తుంది. వారంరోజులు అతనివద్దే ఉంచి సరిచూడనివ్వాలి. ఆ తరువాత కూడా రోజుకు ఒకటి రెండు నిమిషాలు తేడా వస్తే అతని మీదకు తగవుకు పోనక్కరలేదు. బడిగంట కొట్టడానికి వేరే గడియారం ఎలాగూ ఉన్నది.